మట్టి శుద్ధికి తీర్పరి యెవరు?

విషద్రవ్యములచే చెడిన నేలలను గుర్తించి, పరీక్షించి, శుద్ధి చేయించుటకై కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2025 జులైలో ఒక నియమావళిని ప్రకటించినది. అనుమానాస్పదములగు స్థలముల జాబితాను జిల్లా యంత్రాంగము ఆరు నెలల కొకసారి పంపవలెననియు, అది అందిన పిమ్మట 90 దినములలో ప్రాథమిక పరీక్షయు, మరి 90 దినములలో సమగ్ర పరీక్షయు ముగియవలెననియు, నేలను చెరచినవాడే దానిని బాగుచేయించు వ్యయమును భరింపవలెననియు అందు విధింపబడినది. దేశమున 103 స్థలములు ఇట్టివిగా తేలియుండగా కేవలము 7 చోట్ల మాత్రమే పని యారంభమైన స్థితిలో వెలువడిన ఈ నియమావళి ఆహ్వానింపదగినదే. పరీక్షలకు గడువులు పెట్టిన ప్రభుత్వము శుద్ధి ముగించుటకు మాత్రము గడువు పెట్టలేదని విమర్శకులు వెంటనే ఎత్తి చూపిరి. ఆ విమర్శయు న్యాయమైనదే. అయినను గడువు లేమికన్న చిక్కైన ప్రశ్న యొకటి దాని వెనుక దాగియున్నది. ఒక నేలను గూర్చి “ఇక భయము లేదు, శుద్ధి ముగిసినది” అను మాటను ఎవరు పలుకవలెను? ఏ యాధారముతో పలుకవలెను? పలికిన పిమ్మట దానిని తిరుగదోడు హక్కు ఎవరికుండవలెను?

దీనిని ఊహాలోకమున చర్చింప బనిలేదు. అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమున, ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణమునందును దాని యిరుగుపొరుగు వీథులందును, ఈ ప్రశ్న బహుకాలముగా నలుగుచునే యున్నది.

అమెరికన్ యూనివర్సిటీ 1893లో ఆ దేశపు కాంగ్రెసు శాసనముచే ఏర్పడినది గాని 1914 వరకును పాఠములు మొదలిడలేకపోయినది. నగరపు వాయవ్య భాగమున విశాలమైన స్థలము, పూర్తియైన భవన మొకటి, పూర్తికాని భవన మింకొకటి, కొలదిమంది విద్యార్థులు, 1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున దిగునాటికి దాని సంపద యంతయు ఇంతే. యుద్ధ ప్రకటన వెలువడిన నెలలోనే ధర్మకర్తలు ఆ ప్రాంగణమును ప్రభుత్వమునకు సమర్పింప ముందుకు వచ్చిరి. అంతకు రెండేండ్ల ముందు బెల్జియమునందలి ఈప్రె యొద్ద జర్మనులు క్లోరిను వాయువును విడిచి వేలమంది సైనికులను ఉక్కిరిబిక్కిరి చేసియుండుటచే, విషవాయువులను తయారుచేయుటయు వాని నుండి కాపాడుకొనుటయు అమెరికాకు తక్షణావసరములైనవి. గనులలో పుట్టు దుర్వాయువులను గూర్చియు, ముఖకవచములను గూర్చియు అనుభవము గలది గనుల శాఖ యగుటచే తొలి భారము దానిపై బడినది; 1918 జూన్‌లో ఆ ప్రాంగణమున నెలకొల్పిన పరిశోధనాలయము సైన్యమునందలి రసాయన యుద్ధ విభాగమునకు బదిలీ యయ్యెను.

యుద్ధకాలమున విద్యాలయములు ఉన్నచోటు విడుచుట మనమెరుగనిది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆంధ్ర విశ్వవిద్యాలయము వాల్తేరును విడిచి గుంటూరునకు తరలిపోయిన సంగతి చదువరు లెరిగినదే. కాని వాషింగ్టనులో జరిగినది వేరు. అక్కడ ప్రాంగణమంతయు ఆయుధ ప్రయోగశాలగా మారినది. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము అవతరించిన 1918వ సంవత్సరముననే అక్కడ సుమారు రెండు వేలమంది రసాయన శాస్త్రజ్ఞులు, సైనికులు, సహాయకులు రేయింబవళ్లు మస్టర్డు వాయువు, ఫాస్‌జీను, లెవిసైటు మొదలగు వానితో కుస్తీ పట్టుచుండిరి. తరువాతి కాలమున హార్వర్డు విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడైన జేమ్స్ కొనాంట్ ఆనాడు అక్కడ పనిచేసిన యువ శాస్త్రజ్ఞులలో నొకడు. ప్రాంగణము వెలుపలి పొలములలో కందకములు త్రవ్వి, వానిలో కుక్కలను మేకలను కట్టివేసి, విషగోళములను పేల్చి ఫలితములను లెక్క వ్రాసికొనిరి. లెవిసైటు అనునది ఆర్సెనిక్ కలిసిన విషము. అనగా మన పెద్దలు పాషాణమని భయపడునట్టి మూలకమే దానికి ప్రాణము. కాలక్రమమున లెవిసైటు నీటితోను గాలితోను కలిసి విచ్ఛిన్నమైనను అందలి పాషాణము మాత్రము మట్టిలోనే మిగిలిపోవును. నూరేండ్ల తరువాతి కథకు బీజమిదియే.

1918 నవంబరులో యుద్ధము ముగిసినది. సామగ్రిలో చాల భాగమును మేరీలాండునందలి ఎడ్జ్‌వుడ్ ఆయుధాగారమునకు తరలించిరి. తరలింప వీలుకానివియు, తరలించుట దండుగ యనుకొన్నవియు గోతులలో పూడ్చిరి. ఆ కాలమునకు ఇది అసాధారణమైన పని కాదు; సముద్రమున ముంచుట, నేలలో పూడ్చుట, బహిరంగముగా కాల్చుట అను మూడే నాటి ఉపాయములు. ఇచ్చట ముఖ్యముగా గమనింపదగినది, ఈ పూడ్చుట రహస్యముగా జరుగలేదు. 1921లో విశ్వవిద్యాలయపు పత్రికయే ఆ సంగతిని ప్రకటించినది. ఒక సైనికుడు గోతి యొద్ద నిలిచి, సీసాలు లోనికి దింపుచున్నట్టి ఛాయాచిత్రమొకటి ఇప్పటికిని లభ్యమగుచున్నది. దాని వెనుక వ్రాసిన వ్రాత ఆ గోతిని గ్రీకుల పాతాళలోకమగు ‘హేడీస్’ పేర పేర్కొనుచున్నది. పేరు పెట్టినవారికి ఆ గోయి యేమిటో బాగుగనే తెలియును. ఆ పేరు ఏ చోటికి చెందునో మాత్రము ఎవరును పటముపై గుర్తు పెట్టి దాచలేదు, దాచియున్నను చూడవలసినవారి కంటబడలేదు. నేల విశ్వవిద్యాలయమునకు తిరిగి చేరెను. చుట్టునున్న పొలములు దశాబ్దములు గడచుకొలది స్ప్రింగ్ వ్యాలీ యను సంపన్న నివాస ప్రాంతముగా రూపొందెను. దౌత్యవేత్తలు, రాజకీయవేత్తలు, న్యాయవాదులు అచ్చట తోటలు పెంచుకొనిరి.

1986లో విశ్వవిద్యాలయము క్రొత్తగా క్రీడా మందిరమును కట్టదలచి, నేలలో పాత గోళములేవైన నున్నవా యని సైన్యమును ప్రశ్నించినది. ఆ యడుగుటయే మెచ్చదగినది. పాత కాగితములను, 1918 నాటి విమాన ఛాయాచిత్రములను పరిశీలించిన పిమ్మట, పూడ్చియుండవచ్చునను సూచనలు కలవు గాని నిర్ధారణ చేయదగిన సాక్ష్యము లేదను తీరున విషయము ముగిసిపోయెను. చుట్టుపట్ల నివసించు జనులకు ఒక్కమాటయు చేరలేదు. ఏడేండ్లు గడచినవి. 1993 జనవరి 5వ తేదీన ఒక నూతన గృహ సముదాయమున గొట్టముల కొరకు కాలువ త్రవ్వుచున్న కూలీ యంత్రమునకు ఇనుప గోళములు తగిలినవి. ఇండ్లు ఖాళీ చేయించి, సైనిక నిపుణులను రప్పించి, ఫిబ్రవరి లోపల 141 గోళములను వెలికి తీసిరి.

నా దృష్టిలో ఈ గాథయందు అత్యంత బోధకమైన ఘట్టము దీని తరువాతిది. సైన్యపు ఇంజనీర్ల విభాగము రెండేండ్లపాటు వందలకొలది స్థలములలో లోహశోధక యంత్రములతో నేలను తడవి, మట్టి నమూనాలు తీసి, 1995లో ఇక చేయవలసిన పని యేదియు లేదని అధికారికముగా తీర్పు చెప్పినది. ఆ తీర్పు దొంగతనముగా వ్రాసినది కాదు. దానికి గణాంకములును, పటములును, నిపుణుల సంతకములును కలవు. అయినను అది తప్పు. వాషింగ్టను నగర ఆరోగ్యశాఖ వారు ఆ పత్రములను తిరిగి చదివి, ఒక ప్రధానమైన గోతి స్థానమును పటముపై తప్పుగా గుర్తించినారని చూపిరి. సైన్యము మరల వచ్చి త్రవ్వగా, 1999 నాటికి దక్షిణ కొరియా రాయబారి నివాసపు తోటలో గోళములు, రసాయనపు సీసాలు, పాత్రల ముక్కలు వందలకొలది బయటపడినవి. 2001 జనవరిలో విశ్వవిద్యాలయపు శిశు సంరక్షణ కేంద్రము ఆటస్థలమునందలి మట్టిలోనే పాషాణము అధికముగా నున్నట్లు తేలి, ఆ కేంద్రమును వేరొక చోటికి మార్చవలసి వచ్చెను. పసిబిడ్డల జుట్టును పరీక్షింపగా దేహములలోనికి హానికరమైన మోతాదు చేరలేదని వైద్యులు చెప్పిరి. తలిదండ్రులకు ఆ మాట ఎంతవరకు ఊరట కలిగించియుండునో ఊహింపవచ్చును.

శాస్త్రజ్ఞులు, యంత్రములు, ధనము, చిత్తశుద్ధి యన్నియు నున్న చోట ఇంతటి పొరపాటు జరుగుటకు రెండు కారణములు కనబడుచున్నవి. మొదటిది సాంకేతికము. లోహశోధక యంత్రము ఇనుప గోళమును పట్టగలదు గాని గాజు సీసాను పట్టలేదు; ప్రయోగశాల పూడ్చిన విషములో కొంత గాజుపాత్రలలో నున్నది. మట్టి నమూనాయు అంతే. ఇరువది అడుగుల కొకచోట పిడికెడు మన్ను తీసి పరీక్షించినయెడల, రెండు నమూనాల నడుమనున్న గోయి నిశ్శబ్దముగా తప్పించుకొనును. కనబడలేదనుటకును లేదనుటకును మధ్య నున్న ఈ యంతరమును ప్రయోగశాలలో ప్రతి విద్యార్థియు నేర్చుకొనును. ప్రభుత్వ తీర్మానములలో మాత్రము అది తరచుగా మాయమగుచున్నది.

రెండవది న్యాయసంబంధమైనది. విషమును చేసినది సైన్యము, పూడ్చినది సైన్యము, వెదకినది సైన్యపు విభాగము, శుద్ధి చేసినది అదే, శుద్ధి ముగిసినదని చెప్పినదియు అదే. లెక్క వ్రాసినవాడే తన లెక్కను తనిఖీ చేసికొన్నట్లున్నది ఈ యేర్పాటు. అందు దురుద్దేశము లేకపోవచ్చును. అయినను తీర్పు వెలువడిన మరుక్షణమున వ్యయము ఆగిపోవువానికి, ఆ తీర్పు త్వరగా వెలువడవలెనను కోరిక తనకు తెలియకుండగనే యుండును. 1995 నాటి తీర్పును తలక్రిందులు చేసినది గొప్ప యంత్రమును కాదు, నూతన శాస్త్రమును కాదు. ఆ వ్యయముతో సంబంధము లేక, ఆ జనుల ఆరోగ్యముతో మాత్రమే సంబంధము గల ఒక స్థానిక శాఖ పాత కాగితములను శ్రద్ధగా చదువుట మాత్రమే.

మరి విశ్వవిద్యాలయము మాట యేమి? అది బాధితురాలు గదా యని కొందరందురు. కొంతవరకు నిజమే. కాని తన నేలను యుద్ధమునకు ఇచ్చినది అదియే. పూడ్చిన సంగతిని తన పత్రికలో అచ్చు వేసినది అదియే. అరువదియైదేండ్ల తరువాత సందేహము కలిగి అడిగినదియు అదియే. సందేహము కలిగిన సంస్థకు ఆ సందేహమును పొరుగువారితో పంచుకొనవలసిన బాధ్యత యుండదా? జ్ఞానమును ఆర్జించుటయు పంచుటయు వృత్తిగా గల సంస్థ తన కాలిక్రింది నేలను గూర్చిన జ్ఞానమును మాత్రము ఉత్తరప్రత్యుత్తరముల దస్త్రములో ఉంచుకొనుట సమర్థనీయముగా తోచదు.

2001 తరువాత పని సరియైన త్రోవ పట్టినది. సుమారు 1,600 స్థలములలో మట్టిని పరీక్షించిరి. ఆ ప్రాంతపు మట్టిలో సహజముగనే కొంత పాషాణముండును గనుక, దానిని పూర్తిగా తొలగించుట అసాధ్యమును అనవసరమును. పది లక్షల పాళ్లలో 20 పాళ్లను హద్దుగా నిర్ణయించిరి. సుమారు పదవ వంతు స్థలములు ఆ హద్దును దాటినవి. చాలచోట్ల చేసినది చూచుటకు మోటు పనియే: రెండడుగుల లోతు మన్ను త్రవ్వి, లారీలకెత్తి పంపి, మంచి మన్ను నింపి, గడ్డి పరచుట.

ఇంతకన్న సున్నితమైన ఉపాయము లేదా యని అడుగవచ్చును. చమురు చిందిన నేలను సూక్ష్మజీవులు కొంతకాలమునకు తినివేయగలవు. కొన్ని సేంద్రియ విషములను వేడిచే నశింపజేయవచ్చును. పాషాణము మూలకము గనుక దానిని దహించుటయు లేదు, జీర్ణించుకొనుటయు లేదు. ఉన్నచోట బంధింపవలెను, లేదా వేరొకచోటికి చేర్పవలెను. ఈ సందర్భముననే ఒక చిన్న మొక్క రంగమున ప్రవేశించినది. ఫ్లారిడాలో కలపకు మందు పూయు స్థలమున పాషాణముతో నిండిన మట్టిలో ఏపుగా పెరుగుచున్న ఒక ఫెర్న్ జాతిని అక్కడి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త లీనా మా బృందము పరిశీలించి, అది పాషాణమును వేళ్లద్వారా పీల్చి ఆకులలో అపారముగా కూడబెట్టుకొనునని 2001లో ప్రకటించినది. ఫాస్ఫేటును గ్రహించు మార్గముననే, దానికి రూపమున పోలికగల పాషాణమును ఆ మొక్క లోనికి రానిచ్చును. ఈ ఫెర్న్ మనకు పరాయిది కాదు. మన దేశమునను పాత గోడల సందులలో, తడి గట్టులలో మొలచునదియే. స్ప్రింగ్ వ్యాలీలో త్రవ్వినచో వేళ్లు తెగి కూలిపోగల ముసలి వృక్షముల క్రింద 2004 నుండి దీనిని నాటి, ఆకులు కోసి, విషవ్యర్థములుగా తరలించిరి. చూడముచ్చటయైన ప్రయోగము, ఐనను దాని శక్తిని మించి పొగడరాదు. దాని వేళ్లు దిగినంత లోతు వరకే అది పనిచేయును, పంట మీద పంటగా ఏండ్లు పట్టును, కోసిన ఆకునకు మరల ఒక గోయి కావలెను.

ఆ చివరి మాటయే త్రవ్వి తీసిన మట్టికిని వర్తించును. ఒకరి తోట శుద్ధియైన దినమున మరొక చోటి పూడిక స్థలము కొంచెము పెరుగును. సంపన్నులు నివసించు ప్రాంతమునుండి లారీలు వెడలునప్పుడు అవి ఎచ్చటికి పోవుచున్నవో అడుగువారు తక్కువ. భోపాలు కర్మాగారమున నలువదేండ్లు పడియున్న 337 టన్నుల వ్యర్థములను 2025 జనవరిలో పీథంపూరునకు తరలించినప్పుడు అక్కడి జనులు వీథులకెక్కిన దృశ్యమును మనము చూచియున్నాము. వారి భయమునకు శాస్త్రీయాధారమెంత యను వాదము నటుంచినను, మమ్ము ఎవరడిగిరి యను వారి ప్రశ్నకు సరియైన బదులు రాలేదు.

వాషింగ్టనులో మిగిలిన పనులలో కెల్ల కఠినమైనది విశ్వవిద్యాలయమునకు చెందిన ఒక గృహము. 1992లో ఆ పరిసరమున నిర్మాణమునకై త్రవ్విన పనివారికి ఘాటైన వాసనలు సోకి కండ్లు మండినవి. ఆనాడు ఎవరును దానిని గోతితో ముడిపెట్టలేదు. చివరకు 2012లో ఆ యింటిని కూల్చివేసి, పైన పెద్ద గుడారము కట్టి, లోపలి గాలి వెలికి రాకుండ వడబోత యంత్రములు బిగించి, మట్టిని చేతులతో త్రవ్వినంత నెమ్మదిగా త్రవ్విరి. లెవిసైటు అవశేషములు కనబడినవి. ప్రమాదకర భాగము ముగిసినదని తలచి గుడారమును తీసివేసిన పిమ్మట, 2017 ఆగస్టులో ఏడుగురు పనివారు అపరిచిత రసాయనము సోకి ఆసుపత్రి చేరిరి. పని మరల చాల నెలలు ఆగినది. ఇది గాక, భూగర్భ జలమున పెర్‌క్లోరేటను రసాయనము కనబడుటచే దానిపై నిఘా వేరుగా సాగినది. ఇంతటి జాగ్రత్తలోను “ముగిసినది” అను మాట రెండవసారియు తొందరపడి వచ్చినదని దీనిని బట్టి గ్రహింపవచ్చును.

ఇక మన దేశమునకు వత్తము. ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్ర విభాగము కెనడానుండి 1968లో కొన్న గామా వికిరణ యంత్రమొకటి 1985 తరువాత వాడుక తప్పి మూలబడియుండెను. అందు అణుధార్మికమగు కోబాల్టు-60 గలదను స్పృహ ఎవరికిని మిగులలేదు. 2010 ఫిబ్రవరిలో దానిని తుక్కుగా వేలము వేసిరి. మాయాపురి తుక్కు బజారున దానిని విప్పిన కూలీలలో ఒకడు మరణించెను, పలువురు వ్యాధిగ్రస్తులైరి. అణుధార్మిక వ్యర్థములు ఇప్పటి నియమావళి పరిధిలోనివి కావు, వానికి వేరు శాసనము కలదు. అయినను కారణము వాషింగ్టను కారణమే: తెలిసినవారు పదవీ విరమణ చేసిరి, తెలియనివారు తాళపుచెవులు పుచ్చుకొనిరి.

మన రెండు తెలుగు రాష్ట్రములందలి విశ్వవిద్యాలయములలో అరువది డెబ్బది యేండ్లనాటి రసాయన ప్రయోగశాలలు, వ్యవసాయ కళాశాలల పురుగుమందుల కొట్టడులు, కర్మశాలల చమురు గుంతలు లేవని ఎవరు చెప్పగలరు? ప్రయోగశాల తొట్టిలో పారబోసిన పాదరసము ఎక్కడికి పోయినది? భవనము వెనుక గోతిలో పూడ్చిన కాలముచెల్లిన డబ్బాలలో నేమున్నది? ఇవి నిందలు కావు, విచారింపవలసిన ప్రశ్నలు. ప్రాంగణ భూములు వసతి గృహములకును, రహదారులకును, ఇతర నిర్మాణములకును చేతులు మారుచున్న ఈ కాలమున వీనిని త్రవ్వుటకు ముందే అడుగుట చవుక. త్రవ్విన తరువాత అడుగుట ఖరీదు.

నియమావళిని అమలుపరచువారు ఈ గాథనుండి మూడు సంగతులను గ్రహింతురని ఆశింపవచ్చును. చెరచినవాడు నియమించిన నిపుణుడే శుద్ధి ముగింపును నిశ్చయింపరాదు. నమూనాలు తీయుటయు, తీర్పు చెప్పుటయు వేరు చేతులలో నుండవలెను. ముగింపు పత్రము శాశ్వత శాసనము కారాదు. విషము కొంత మిగిల్చి మూసివేసిన స్థలములను ఐదేండ్ల కొకసారి పునఃపరీక్ష చేయవలెనని అమెరికా సూపర్‌ఫండ్ చట్టము విధించినట్లు, క్రొత్త ఆధారము దొరికిన నాడు ఏ పౌరుడైనను దానిని తెరిపింపగల వీలు మనకును ఉండవలెను. నమూనాల ఫలితములు, పటములు, మట్టి ఎచ్చటికి తరలినదో తెలుపు చిట్టా, ఇవన్నియు తెలుగులో పొరుగువారికి అందుబాటున నుండవలెను. అన్నిటికన్న ముందుగా మన విశ్వవిద్యాలయములు తామే పూనుకొని, పాత ఉద్యోగులలో మిగిలియున్నవారిని పిలిచి, కొట్టడుల దస్త్రములు తిరగవేసి, ఎచ్చట నేమి వాడిరో, ఎచ్చట పారబోసిరో పటముపై గుర్తించి, జిల్లా కలెక్టరు ఆరు నెలల కొకసారి పంపవలసిన జాబితాకు తమ ప్రాంగణముల వివరములను ఎవరును అడుగకముందే అందజేయవలెను.